లేదు, కాదు

(చెన్నైలో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చినవాళ్లకి ఇంకో నమస్కారం. ఇవాళ నేను చెప్పబోయేది వాళ్ల నోట వచ్చే మాట గురించే.

పోయిన శుక్రవారం మా మనవరాలు బడి నుంచి వచ్చి, సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి వంటింటి గట్టు మీద పెట్టింది. మూత మీద ఏనుగు బొమ్మ ఉంది. అలాంటి డబ్బా మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. "ఇదెవరిదమ్మా?" అన్నాను. అది డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, "అయ్యో తాతయ్యా, ఇది నాది లేదు" అంది.

దానికి ఎనిమిదేళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. బడిలో ఇంగ్లీషు, మెట్లు దిగితే తమిళం. నేను 36 ఏళ్లు పిల్లలకి తెలుగు పాఠం చెప్పాను. ఎవరైనా ఇలా అంటే అక్కడికక్కడే దిద్దడం అలవాటు. ఆ రోజు ఎందుకో దిద్దలేకపోయాను. "ఇది నాది లేదు." ఈ మాట వినగానే ఇక్కడున్న పెద్దవాళ్లందరికీ చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది. మరి తప్పేమిటో ఆ పిల్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే? నాకు వెంటనే తోచలేదు. రెండు రోజులు దాని చుట్టూనే తిరిగాను. తిరిగి ఏం తెలుసుకున్నానో మీకు చెప్తాను.

మన భాషలో ఉనికిని చెప్పే మాటలు ముఖ్యంగా రెండు. ఒకటి 'ఉండు'. రెండోది 'అగు'. రెండోదాన్ని వాడుకలో 'అవు' అంటాం. వ్యతిరేకంలోకి వస్తే అదే 'కా' అయిపోతుంది. అవును, అయింది, కాదు, కావాలి, ఇవన్నీ ఒక్క ధాతువు, అంటే ఒక్క మూలం, రూపాలే. ఈ రెండూ పనిని పంచుకున్నాయి. ఒక వస్తువు గానీ మనిషి గానీ అసలు ఉందా, ఉంటే ఎక్కడుంది అన్నది 'ఉండు' చెప్తుంది. ఆ వస్తువు ఏమిటి, ఆ మనిషి ఎవరు అన్నది 'అగు' చెప్తుంది. తలుపు తట్టిన మనిషి "డాక్టరుగారు ఉన్నారా?" అంటే "లేరండీ" అంటాం. "డాక్టరుగారు మీరేనా?" అంటే "కాదండీ" అంటాం. ఈ రెండు జవాబుల్నీ ఒకసారి తారుమారు చేసి చూడండి.

ఇందులో ఒక చిత్రం ఉంది. ఉన్నదాన్ని ఉన్నదని చెప్పేటప్పుడు 'ఉండు' పైకి కనిపిస్తుంది. "నీళ్లున్నాయి." 'అగు' కనిపించదు. "ఆయన డాక్టరు" అంటాం, అంతే. అక్కడ క్రియ లేదు. "నేను తెలుగువాణ్ని" అంటాం. ఆ 'ని' చేర్చి పేరునే క్రియలా వంచుతాం తప్ప 'అవుతున్నాను' అనం. అలా దాక్కున్న ఆ 'అగు', ఎవరైనా కాదన్నప్పుడు మాత్రం బయటికి వస్తుంది. "ఆయన డాక్టరు కాదు." "నేను తెలుగువాణ్ని కాను." ఔనన్నప్పుడు వినపడని మాట కాదన్నప్పుడు వినపడుతుంది. పిల్లలు దీన్ని ఎందుకు పోగొట్టుకుంటారో నాకు ఇక్కడే అర్థమైంది. రోజుకి వందసార్లు 'ఉంది' వింటారు. ఈ పనిలో 'అగు'ని అంత తరచుగా వినరు.

దానికి తోడు మన ఊరు. వాడుక తమిళంలో రెండింటికీ ఒకటే మాట, 'ఇల్లె'. "వీట్ల యారుం ఇల్లె" అంటే ఇంట్లో ఎవరూ లేరు. "ఇదు ఎన్నుదు ఇల్లె" అంటే ఇది నాది కాదు. మా మనవరాలు ఈ రెండో వాక్యాన్నే తెలుగు మాటల్లో పెట్టింది. తమిళానికి ఇది మొదటి నుంచీ ఉన్న పద్ధతేమీ కాదు. రాసే తమిళంలో 'అల్ల' అనే వేరే మాట ఇప్పటికీ ఉంది. 'ఇల్లై' అంటే లేదు, 'అల్ల' అంటే కాదు. మాట్లాడేటప్పుడు 'అల్ల' వెనక్కి తప్పుకుంది. కన్నడంవాళ్లు మాత్రం నోటి మాటలో కూడా రెండూ నిలుపుకున్నారు, ఇల్ల, అల్ల. మలయాళంలోనూ అంతే. బెంగళూరులో పెరిగే తెలుగు పిల్ల "ఇది నాది లేదు" అనే అవకాశం తక్కువని నా నమ్మకం, ఎందుకంటే అక్కడి వీధి భాష ఆ తేడాని రోజూ గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఇది వ్యాకరణంతో తీరిపోయే సంగతి అయితే ఇంతమందిని కూర్చోబెట్టి చెప్పేవాణ్ని కాను. మా ఇంట్లో జరిగింది ఒకటి చెప్తాను.

అప్పుడు నాకు 11 ఏళ్లు. పెరంబూరులో ఉండేవాళ్లం. నాన్నగారు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. మా పక్కింట్లో ఒక తమిళ మామి. మా అమ్మకి ప్రాణస్నేహితురాలు. అమ్మ కోసం పట్టుబట్టి తెలుగు నేర్చుకుంది, చక్కగా మాట్లాడేది. ఒక సాయంత్రం ఎవరో పరుగెత్తుకొచ్చి, బస్టాపు దగ్గర ఒకాయన్ని బస్సు గుద్దింది, చూస్తే మీవారిలాగే ఉన్నాడు, అదే చొక్కా, అని చెప్పి వెళ్లిపోయాడు. అమ్మకి కాళ్లాడలేదు. చంటిపిల్ల చేతిలో ఉంది. "నువ్విక్కడే ఉండు, నేను చూసొస్తా" అని మామి పరుగెత్తింది.

అరగంటకి తిరిగొచ్చింది. వీధి మలుపు నుంచే చేతులూపుతూ అరిచింది. "మీవారు లేదు! మీవారు లేదు!"

మా అమ్మ గడప మీదే కూలిపోయింది. చెల్లిని నేను పట్టుకున్నాను. ఆ రెండు మాటలు నాకూ అదే అర్థంలో వినపడ్డాయి. మామి దగ్గరికొచ్చాక, అమ్మ పడి ఉండటం చూసి తనూ ఏడుపు మొదలుపెట్టింది. ఏం జరిగిందో ఆమెకి తెలియలేదు. చివరికి తమిళంలోకి దిగింది. "అవర్ ఇల్లె! వేరె యారో!" ఆయన కాదు, ఇంకెవరో. ఆమె తెచ్చింది మంచి కబురు. 'కాదు' అనాల్సిన చోట 'లేదు' అంది, అంతే.

నాన్నగారు ఆరు గంటలకి ఎప్పటిలాగే సైకిల్ మీద వచ్చారు. దెబ్బ తగిలిన ఆయన ఎవరో మాకు తెలియలేదు. వాళ్ల ఇంటికి ఏ కబురు ఏ మాటలో వెళ్లిందో అని అమ్మ చాలాకాలం అనుకునేది.

ఇప్పుడు ఆలోచిస్తే ఇంకో విషయం తోస్తుంది. మామి నిజంగా చెడ్డ కబురే తెచ్చి ఉంటే, పెద్దాయన కాబట్టి "మీవారు లేరు" అనాలి. 'లేదు' అన్నప్పుడే అది పొరపాటు మాటని పట్టుకోవచ్చు. 'లే' మనిషిని బట్టి మారుతుంది. లేను, లేవు, లేడు, లేరు. వ్యాకరణం అమ్మకి ఆధారం ఇచ్చింది. కానీ గుండె దడదడలాడుతున్న మనిషి విభక్తులూ ప్రత్యయాలూ వింటుందా? మొదటి అక్షరం 'లే' విన్నది, అంతే.

ఈ 'లేదు' ఎంత బరువైన మాటో మన పెద్దవాళ్లకి తెలుసు. అందుకే దాన్ని తప్పించి తిరుగుతారు. బియ్యం డబ్బా ఖాళీ అయితే మా అమ్మ "బియ్యం లేవు" అనేది కాదు, "నిండుకున్నాయి" అనేది. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అనేది. ఇంట్లో మనిషి బయటికెళ్లినప్పుడు ఎవరైనా వస్తే "లేరు" అని ఊరుకోకుండా "బయటికెళ్లారు, వచ్చేస్తారు" అనేది. 'కాదు'తో ఇలాంటి భయం ఎవరికీ లేదు. 'కాదు' ఒక పేరుని కొట్టేస్తుంది, వస్తువు అక్కడే ఉంటుంది. 'లేదు' వస్తువునే తీసేస్తుంది. తేడా ఇదీ.

పోతన గజేంద్రుడు మొసలి నోట చిక్కి, బలం ఉడిగాక ఏమని అనుమానపడ్డాడు? "కలడు కలండనెడివాడు కలడో లేడో." ఇక్కడ 'కలడు' అనేది 'ఉన్నాడు'కి పెద్దక్క లాంటి మాట. ఎక్కడ, ఎప్పుడు అన్న పట్టింపు లేకుండా ఉనికిని మాత్రమే చెప్తుంది. దానికి కూడా వ్యతిరేకం 'లేడు' ఒక్కటే. ఆ ఏనుగుకి వచ్చిన సందేహం, పైవాడు దేవుడు అవునా కాదా అని కాదు. ఉన్నాడా లేడా అని. కష్టంలో ఉన్న ప్రాణి అడిగేది ఎప్పుడూ 'ఉండు' గురించే అని నాకనిపిస్తుంది.

మరి 'అగు' సంగతి? నాకు దాని మీద ఇంకా ఎక్కువ ప్రేమ. 'ఉండు' గొప్పది, కాదనను. కానీ తెలుగు వాక్యాల్ని ఒకదానికొకటి కుట్టే దారం 'అగు'. అయితే, అయినా, కాబట్టి, కావున, కానీ, కాకపోతే. ఈ మాటలన్నిట్లో ఉన్నది అదే. అది తీసేస్తే రెండు వాక్యాల్ని కలపడం కష్టం. 'అందంగా' అనే మాటలో 'గా', 'అందమైన' అనే మాటలో 'ఐన', అవీ దాని పిల్లలే. "అందంగా ఉంది" అన్నప్పుడు చూడండి, ముందు 'అగు', వెనక 'ఉండు', రెండూ ఒకే వాక్యంలో పక్కపక్కనే కూర్చున్నాయి. ఒప్పుకోవడానికి మనం వాడే 'అవును' కూడా అదే. కన్నడంలో 'హౌదు', తమిళంలో 'ఆమా', మూడూ ఒకే ధాతువు నుంచి వచ్చినవి. మూడు ఇళ్లలోనూ తలూపడానికి ఒకటే మాట అన్నమాట.

చుట్టరికం ఈ మాటతోనే చెప్తాం. "ఆయన మీకు ఏమవుతారు?" అంటాం. "మేనమామ అవుతారు" అంటాం. 'ఏముంటారు' అని ఎవరూ అడగరు. ఉన్నవాళ్లు అంటే డబ్బున్నవాళ్లు. లేనివాళ్లు అంటే పేదవాళ్లు. అయినవాళ్లు అంటే మనవాళ్లు. కానివాళ్లు అంటే పైవాళ్లు. 'ఉండు' ఆస్తిని లెక్కపెడితే, 'అగు' బంధుత్వాన్ని లెక్కపెట్టింది. అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లో అని సామెత. ఒక పిల్లకి 'కాదు' తెలియకపోతే, ఈ సామెత అర్థమవుతుందా? 'కానివాళ్లు' అన్న మాటలో ఏం పోయిందో ఆ పిల్లకి తెలుస్తుందా?

పెళ్లి మాటే తీసుకోండి. "రేపు పెళ్లి లేదు" అంటే ముహూర్తం రేపు కాదని. "అది పెళ్లి కాదు" అంటే అది నిశ్చితార్థమో, ఇంకేదో అని. "ఆయనకి పెళ్లి కాలేదు." ఇక్కడ 'కా', 'లేదు' రెండూ కలిసి ఒక్క మాటయ్యాయి. జరగవలసింది ఇంకా జరగలేదు అని. మూడు వాక్యాల్లో మూడు బతుకులున్నాయి. పెళ్లిచూపులకి వెళ్లి ఈ మూడింట్లో ఒకటి తప్పు వాడితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

మన ఊరికి ఈ విషయంలో ఒక పాత సంబంధం ఉంది. నుంగంబాక్కంలో కాలేజీ రోడ్డు మీదుగా మీరంతా వెళ్లే ఉంటారు. ఆ పేరు సెయింట్ జార్జి కోట కళాశాల వల్ల వచ్చింది. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకి దక్షిణాది భాషలు నేర్పడానికి 1812లో పెట్టారు. 1816లో కాంబెల్ అనే ఆయన రాసిన తెలుగు వ్యాకరణం మద్రాసులోనే అచ్చయింది. దానికి అప్పటి మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక పెద్ద వివరణ రాశాడు. కళాశాలలో ప్రధాన పండితుడు పట్టాభిరామశాస్త్రిగారు కూర్చిన తెలుగు ధాతువుల పట్టిక ఆయనకి ఆధారం. సంస్కృత ధాతువుల పక్కన తెలుగువి పెట్టాడు, తర్వాత తమిళ, కన్నడ ధాతువుల పక్కన పెట్టాడు. తెలుగు వేళ్లు సంస్కృతంలో లేవు, తమిళ కన్నడాలతో ఒకే తల్లి బిడ్డ అని చూపించాడు. ద్రావిడ భాషల చుట్టరికం మీద పేరుపడ్డ కాల్డ్వెల్ పుస్తకం రావడానికి ఇంకా 40 ఏళ్లుంది. 'ఉండు', 'అగు' లాంటి మాటలు ఆ చుట్టరికానికి మంచి సాక్షులు. తమిళంలో 'ఆగు', కన్నడంలో 'ఆగు', మనకి 'అగు'. తమిళ 'ఇల్'కీ మన 'లే'కీ పోలిక లేదనిపిస్తుంది. కానీ వాళ్ల 'ఇరండు' మనకి 'రెండు' అయింది. వాళ్ల 'అవన్' మనకి 'వాడు', 'ఉళ్' మనకి 'లో' అయింది. ముందున్న అచ్చు వెనక్కి జరగడం తెలుగుకి అలవాటు. అలాగే 'ఇల్' జరిగి 'లే' అయింది. అంటే మా పక్కింటి మామి అన్న 'లేదు', తమిళ 'ఇల్లె' రెండూ ఒకే తల్లి పిల్లలు. అందుకే ఆమెకి అంత సులువుగా దొర్లింది.

సంస్కృతంలో కూడా ఇలాంటి జంటే ఉంది. అస్, భూ. 'అస్తి' అంటే ఉన్నది. 'భవతి' అంటే అవుతున్నది. పాణిని వ్యాకరణంలో ధాతువుల పట్టికని ధాతుపాఠం అంటారు, అది మొదలయ్యేదే 'భూ సత్తాయామ్' అని. భూ ధాతువుకి అర్థం సత్త, అంటే ఉనికి. ఆ 'సత్త' అన్న మాట వచ్చింది 'అస్' నుంచి. సరే, 'అస్' అంటే ఏమిటని వెతికితే 'అస భువి' అని ఉంటుంది. భూ అన్న అర్థంలో. ఒకదానికి అర్థం ఇంకొకటి. రెండు అద్దాలు ఎదురెదురుగా పెట్టినట్టు. కుర్రవాడిగా మొదటిసారి ఇది చదివినప్పుడు ఇదేం నిర్వచనం అనుకున్నాను. ఇప్పుడు వేరేలా అనిపిస్తుంది. ఉనికి కంటే కిందికి దిగి దాన్ని వివరించే మాట లేదు. వేరే దారి లేక ఆ ఇద్దరూ ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకున్నారు.

అయినా ఇద్దరూ ఒకటి కాదు. 'అస్' నుంచి వచ్చినవి సత్యం, సతి, స్వస్తి, ఆస్తికుడు. 'భూ' నుంచి వచ్చినవి అనుభవం, సంభవం, భూతం, భవిష్యత్తు. మొదటివి నిలకడగా కూర్చున్నాయి, రెండోవి కదులుతున్నాయి. వేదంలోని మాటలకి అర్థాలు చెప్పే పాత గ్రంథం నిరుక్తంలో యాస్కుడు, వార్ష్యాయణి అనే పండితుడి మాటగా ఆరు భావవికారాలు, అంటే ఉనికిలో వచ్చే ఆరు మార్పులు, చెప్పాడు. పుడుతుంది, ఉంటుంది, మారుతుంది, పెరుగుతుంది, తరుగుతుంది, నశిస్తుంది. వీటన్నిటినీ కలిపి చెప్పే పేరు 'భావం', భూ ధాతువుది. 'అస్తి' ఆ ఆరింటిలో ఒక్క మెట్టు, రెండోది. అన్నిటికంటే నన్ను పట్టుకున్నది పాణిని సూత్రం 'అస్తేర్భూః'. 'అస్' ధాతువు కొన్ని రూపాల్లో తప్పుకుని ఆ చోటు 'భూ'కి ఇచ్చేస్తుంది. భవిష్యత్ కాలం వాటిలో ఒకటి. 'ఉంటుంది' అని రేపటి గురించి చెప్పాలంటే 'భవిష్యతి' అనాల్సిందే. 'అస్తి'కి సొంత రేపు లేదు.

మన 'లేడు'కి కూడా అంతే. నిన్న ఇంట్లో లేడు. ఇవాళ లేడు. రేపు? 'ఉండడు' అనాలి. 'లే' భవిష్యత్తులోకి వెళ్లదు. ఇక 'ఉన్నాడు' మాట చూడండి. తిన్నాడు, విన్నాడు, కొన్నాడు, ఇవన్నీ జరిగిపోయిన పనులు. అదే అచ్చులో పోసిన 'ఉన్నాడు' మాత్రం ఇప్పటి సంగతి చెప్తుంది. ఎందుకలా? ఈ ఒక్కదానికీ జవాబు చెప్పడానికి ఇంకో సాయంత్రం పడుతుంది, అందుకే వదిలేస్తున్నాను.

పిల్లల దగ్గరికి వస్తాను. తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒకటే. పిల్ల "నాది లేదు" అంటే కోప్పడకండి, వెక్కిరించకండి. తమిళం దానికి నేర్పింది తప్పు కాదు, అది తమిళంలో సరైన వాక్యమే. మీరు ప్రశ్నలు అడగండి. డబ్బా చేతిలో పట్టుకుని "ఇది నీదేనా?" అంటే 'కాదు' రావాలి. "సంచిలో పెన్సిల్ ఉందా?" అంటే 'లేదు' రావాలి. ఆటలాగా రోజుకి పది ప్రశ్నలు. వంట చేస్తూ అడగండి, బస్సులో అడగండి. సూత్రం చెప్పకండి. సూత్రం వింటే టెన్షన్ పడతారు. చెవికి పట్టించండి చాలు.

మామి గురించి ఒక్క మాట మిగిలింది. ఆ సాయంత్రం తర్వాత అమ్మ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని ఈ రెండు మాటల తేడా నేర్పింది. ఆ తర్వాత మామి నోట ఈ రెండూ ఎప్పుడూ తారుమారు కాలేదు. చాలా ఏళ్లకి నాన్నగారు నిజంగానే పోయినప్పుడు నేను ఊళ్లో లేను. ఫోన్ చేసింది మామి. "నాన్నగారు..." అని ఆగిపోయింది. ఆ తర్వాత రావలసిన మాట ఆమెకి బాగా తెలుసు. చెప్పలేదు. "నువ్వు బయల్దేరు నాయనా" అంది.

నిన్న శనివారం స్పెషల్ క్లాసు ఉందని మా మనవరాలు బడికి వెళ్లింది. ఏనుగు బొమ్మ డబ్బా వెనక్కి ఇచ్చేసి వచ్చింది. గుమ్మంలోనే అడిగాను, "ఏమైందే డబ్బా?"

"ఇచ్చేశా తాతయ్యా. అది నాది కాదుగా."

"మరి నీది?"

సంచి మొత్తం నేల మీద బోర్లించి, పుస్తకాల మధ్య చెయ్యి పెట్టి వెతికి, తలెత్తి చూసింది.

"నాది లేదు."